మందిరంలో టీవీ, మా అక్క చెవులు

మా మందిరంలో పాట ఎత్తుకునేది మా అక్కే. కీబోర్డూ డ్రమ్సూ రాకముందు, పాస్టరు అయ్యగారు పాట సంఖ్య చెప్పగానే ఆడవాళ్ళ వైపు గోడ పక్కనుంచి ఆమె గొంతు లేచేది. మొదటి పాదం ఒక్కతే పాడేది. రెండో పాదానికి మేమంతా కలిసేవాళ్ళం. శ్రుతి ఆమె ఎక్కడ పెడితే అక్కడే. అందుకోలేని మగవాళ్ళు మధ్యలో గొంతు దించేసుకునేవాళ్ళు. "మీ అక్కగారి పాటకి నిచ్చెన వేసుకోవాలండీ సిస్టర్" అని మా సంఘపెద్ద ఒకాయన, కంకిపాడులో ఎరువుల కొట్టాయన, మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నాతో అనేవారు.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. మా అమ్మ ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పేది కాబట్టి నన్ను పెంచింది అక్కే. కీర్తనలు కంఠతా పెట్టించింది, తప్పు చెబితే మొట్టికాయ వేసి మళ్ళీ మొదట్నుంచి చెప్పించింది. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అప్పట్నుంచీ నాతోనూ మా ఆయనతోనూ కంకిపాడులోనే ఉంటోంది. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను.

అక్క చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు కుక్కర్ కూత పోయింది, తర్వాత ఫోను, తర్వాత నేను వంటింట్లోంచి పిలిచే పిలుపు. నరం దెబ్బతిందన్నారు డాక్టరు. చెవిలో వినికిడి మిషన్ పెట్టారు. ఇంట్లో మా ఇద్దరి మాటకైతే అది కొంత పనికొచ్చేది. మందిరంలో డ్రమ్సూ స్పీకర్లూ మొదలయ్యాక అది ఆమె చెవిలో ఈలలు వేసేది. తీసి చేతిరుమాలులో కట్టి ఒళ్ళో పెట్టుకునేది.

ఒక ఆదివారం పాట ముగిసింది, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు, అందరం కళ్ళు మూసుకుని తలలు వంచాం. అక్క కూడా కళ్ళు మూసుకునే ఉంది. కాని పాట ఆపలేదు. తరువాతి చరణం, అదే పాత గొంతుతో, నిండుగా ఎత్తుకుంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. నేను చెయ్యి నొక్కాను. కళ్ళు తెరిచి, వంగిన తలలన్నీ చూసి, పాదం మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు తర్వాత మందిరంలో ఆమె నోరు తెరవలేదు. పెదాలు కూడా కదిపేది కాదు.

"పుస్తకం చూసి పాడచ్చుగా అక్కా" అన్నాను ఇంటికొచ్చాక, ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా.

"ఏం పాడతానే? వీళ్ళు ఏ చరణంలో ఉన్నారో నాకెట్టా తెలుస్తది? ఒకటి వదిలేస్తారు, ఒకటి మూడుసార్లు పాడతారు. ఆ కీబోర్డు అబ్బాయి తలకాయ ఊపేదాన్ని బట్టి పాడమంటావా?"

మందిరంలో తెర కావాలన్న ఆలోచన నాకు అక్కడే పుట్టింది. పాటలో పాదం మారినప్పుడల్లా తెర మీద పాదం మారితే చాలు, అక్క మళ్ళీ మాతో ఉంటుంది. పాత ప్రొజెక్టర్ ఒకటి ఉండేది. దానికి చీకటి కావాలి, మాకు గాలి కావాలి. కిటికీలు మూస్తే ఉక్కకి పసిపిల్లలు ఏడుపు మొదలెట్టేవాళ్ళు. తెరిస్తే అక్షరాలు సున్నం కొట్టిన గోడ మీద సుద్దముక్కతో రాసినట్టుండేవి. టీవీ అయితే మేలని సంఘపెద్దలతో అన్నాను. ఎరువుల కొట్టాయన వాళ్ళమ్మగారి జ్ఞాపకార్థం తానే ఇస్తానన్నారు. "ఏది కొనాలో మాత్రం సిస్టర్ చెప్పాలి. ఫిజిక్స్ వాళ్ళు గదా."

అక్కకి చెబితే నవ్వింది. "నాకోసమా? ఎరువుల కొట్టాయనకి నా మీద అంత ప్రేమ ఎప్పట్నించే?"

బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూముకి అయ్యగారూ, ఎరువుల కొట్టాయనా, నేనూ కలిసి వెళ్ళాం. లోపల ఒక గోడంతా టీవీలే. అన్నిటిలోనూ ఒకే రామచిలుక, ఒకే జలపాతం. అమ్మే అబ్బాయి మమ్మల్ని అందరికంటే మంచి దాని ముందు నిలబెట్టాడు. "ఇది ఓఎల్ఈడీ సార్. దీంట్లో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుద్ది. నలుపు కావాలంటే ఆరిపోద్ది. లైట్లు తీసేస్తాను చూడండి, కరెంటు పోయిందనుకుంటారు."

"కరెంటు పోతే చూడ్డానికి టీవీ ఎందుకయ్యా? మా ఊళ్ళో రోజూ ఉచితంగానే చూస్తన్నాం" అన్నారు ఎరువుల కొట్టాయన.

ఆ పక్కది క్యూఎల్ఈడీ. దాని వెలుగు వెనకనుంచి వస్తుంది. పగటి వెలుతురులో కూడా కళ్ళు చెదిరేలా ఉంది. మూడోది మామూలు ఎల్ఈడీ. నలుపు అన్నచోట కాస్త బూడిదరంగు తేలుతుంది, ఆడంబరం లేదు. అయ్యగారి చూపు రెండోదాని మీద నిలిచింది. "ఇది వెలుగమ్మా. మన కిటికీల ముందు నిలబడాలంటే ఇదే."

నేను ఆ మూడింటినీ ఎదురుగా నిలబడి చూడదలచుకోలేదు. మా మందిరంలో సిలువకు ఎడమవైపు ఆడవాళ్ళు కూర్చుంటారు, కుడివైపు మగవాళ్ళు. కరెంటు ప్లగ్గులూ, వాయిద్యాలూ, ల్యాప్‌టాపూ ఉన్నది మగవాళ్ళ వైపు. టీవీ కూడా ఆ గోడకే వస్తుంది. అక్క కూర్చునేది ఈ చివర గోడ పక్క చాప మీద. కాబట్టి షోరూములో ఒక మూలకి నడిచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నేల మీద కూర్చున్నాను.

అమ్మే అబ్బాయి కంగారుపడ్డాడు. "మేడమ్, కళ్ళు తిరుగుతున్నాయా? నీళ్ళు తెమ్మంటారా?"

"ఇక్కడే ప్రార్థన మొదలెట్టేశారా సిస్టర్?" అన్నారు ఎరువుల కొట్టాయన.

"ఏదైనా తెలుగు అక్షరాలు పెట్టించు నాన్నా, ఆ చిలకని తీసేసి" అన్నాను.

వార్తలు పెట్టాడు. ఆ నేల మీదనుంచి, ఆ పక్కనుంచి చూస్తే, కళ్ళు చెదరగొట్టిన క్యూఎల్ఈడీ పదే పదే ఉతికిన చీరలా వెలిసిపోయింది. మామూలు ఎల్ఈడీ ఫరవాలేదు గాని, బూడిద మీద తెలుపు. ఒక కంటికి శుక్లం తీయించుకున్న అక్కకి అది కష్టం. ఓఎల్ఈడీలో మాత్రం అక్షరం అక్షరంలాగే ఉంది. ఎదురుగా ఎలా ఉందో పక్కనుంచీ అలాగే. దానికీ లోపాలున్నాయి. అద్దంలా మెరుస్తుంది, షోరూము ట్యూబులైట్లు దాంట్లో తేలుతున్నాయి. తూర్పు కిటికీకి కర్టెన్ కట్టాలి. ఇంకొకటి ఉంది, అది పెద్దది. ఆ చుక్కలు వెలిగేకొద్దీ అరుగుతాయి. కదలని బొమ్మ ఒక్కటే రోజుల తరబడి ఉంచితే, అది వెలిగినంత మేరా చుక్కలు ఎక్కువ అరిగి, దాని నీడ తెర మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

అవన్నీ చెప్పాను. "ఆరాధన అవగానే రిమోటుతో ఆపేయాలి అయ్యగారూ. దానికీ విశ్రాంతి కావాలి" అన్నాను. ఆయన నవ్వి, "విశ్రాంతి దినాన పనిచేసి మిగతా ఆరు రోజులూ పడుకుంటుందన్నమాట. మనవాళ్ళు కొందరు ఇప్పటికే అలా ఉన్నారమ్మా" అన్నారు. ఓఎల్ఈడీయే కొన్నాం.

మొదటి ఆదివారం అక్క పాడలేదు. చూస్తూ కూర్చుంది. రెండో ఆదివారం పెదాలు కదిపింది. మూడో ఆదివారం, పాట మొదటి పాదం తెర మీదికి రాగానే, నా పక్కన ఆ పాత గొంతు లేచింది. కీబోర్డు శ్రుతికీ దానికీ సంబంధం లేదు. ఎవరూ నవ్వలేదు. మా వెనక ముసలమ్మ ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాటకీ పాటకీ మధ్య కీబోర్డు అబ్బాయి తరువాతి పాట కోసం వెతుకుతుంటే మౌస్ బాణం తెరంతా తిరిగేది. "బాణంగారు బయల్దేరారు. ఇంకా పాట దొరకలా" అని అక్క నా చెవిలో గుసగుసగా అనేది. ఆమె గుసగుస నాలుగు వరసల దాకా వినపడేది.

కొత్త సంవత్సరం వచ్చింది. ఆ ఉదయం ఆరాధనలో పళ్ళెంలో బైబిలు వాగ్దానాల చీటీలు పెడతారు. ఒక్కొక్కరం ఒక్కోటి తీసుకుంటాం. సంఘం మొత్తానికి అయ్యగారు ఒకటి తీస్తారు. అది ఏడాది పొడుగునా మా తలల మీద ఉంటుంది, ఫ్లెక్సీ మీదా, కాలెండర్ మీదా, ఇంటి గుమ్మాల మీదా. ఆ ఏడు అయ్యగారి చేతికి వచ్చింది ఒక ప్రవక్త మాట. గుడ్డివాళ్ళ కళ్ళు తెరుచుకుంటాయనీ, చెవిటివాళ్ళ చెవులు విప్పబడతాయనీ. ఆయన చదవగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా అక్క వైపు తిరిగారు. అక్కకి వినపడలేదు. ఎందుకు చూస్తున్నారో తెలియక పమిట సర్దుకుంది. ఆ తర్వాత వాక్యం తెర మీదికి వచ్చింది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. అక్క రెండుసార్లు చదువుకుని తల వంచుకుంది.

ఆ వాక్యాన్ని అక్కడే ఉంచమన్నారు అయ్యగారు, పగలూ సాయంత్రమూ, పాటలప్పుడు తప్ప ఏడాదంతా. మందిరం తలుపులు రోజూ తెరిచే ఉంటాయి, పొలం పనికి పోయేవాళ్ళు ఆగి ప్రార్థన చేసుకుని పోతారు. వాళ్ళకి కనపడాలని ఆయన కోరిక.

"అయ్యగారూ, షోరూములో చెప్పాను గదండీ, నీడ పడిపోతుందని."

"వాక్యాన్ని ఆర్పమంటారా అమ్మా?" అన్నారాయన. వెటకారంగా కాదు, నిజంగా అడిగారు. కాగితం మీద పెద్దగా రాయించి గోడకు పెట్టండి అన్నాను. ఫ్లెక్సీ ఉందిగదా అన్నారు. తెర కాసేపటికి దానంతటదే మసకబారుతోందని కీబోర్డు అబ్బాయి సెట్టింగుల్లోకి పోయి ఆ జాగ్రత్త కాస్తా తీసేశాడు.

ఎండాకాలం వచ్చింది. పిల్లల వేసవి బడి ముగింపు ఆదివారం. పిల్లల పాటకి తెర మీద తెల్లటి మేఘాల బొమ్మ వేశారు. ఆ తెలుపు మీద, మేఘాల వెనకనుంచి వచ్చినట్టు, అక్షరాలు కనపడ్డాయి. అదే వాక్యం. లేత బూడిద నీడలా, కాని స్పష్టంగా. ముందు చూసింది ఆడవాళ్ళే. ఎవరో "స్తోత్రం" అని కేక పెట్టారు. ల్యాప్‌టాప్‌లో తప్పేమోనని కీబోర్డు అబ్బాయి వైరు పీకేశాడు. సిగ్నల్ లేదు అని నీలం తెర వచ్చింది. ఆ నీలం మీద కూడా అక్షరాలు ఉన్నాయి.

మందిరం మందిరమంతా లేచి నిలబడింది. అయ్యగారు తెర దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమి చూశారు, ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఎరువుల కొట్టాయన నా వైపు తిరిగారు. "రాజుగారి విందులో గోడ మీద రాసిన వేళ్ళే ఇవి, సిస్టర్! మా అమ్మ పేరున ఇచ్చిన టీవీ మీద!" బైబిల్లో దేవుడి వేళ్ళు ఆ గోడ మీద రాసింది ఆ రాజు మీద తీర్పు అన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ గుర్తు రాలేదు.

నాకు చూడగానే తెలిసింది. అరిగిన చుక్కలు. షోరూములో నేల మీద కూర్చుని నేను చెప్పిన మాటే. నోరు తెరవబోయి పక్కకి చూశాను. అక్క రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. మందిరంలో ఎవరు ఏం మాట్లాడినా ఆమెకి చేరేది ఆ తెర మీదనుంచే. అయ్యగారి ప్రసంగంలోని వాక్యాలు, పాట, ప్రకటన అన్నీ. ఆమెకి ఆ తెరే గొంతు. ఇప్పుడు వైరు పీకేశాక కూడా ఆ గొంతు మాట్లాడుతోంది, అదీ చెవుల గురించి. చేతిరుమాలులో కట్టిన మిషన్ని తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్పు లాగేసింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మిషన్‌తో ఇక లాభం లేదని విజయవాడ డాక్టరు అంతకు ముందే తేల్చారు. చెవి వెనక చిన్న ఆపరేషన్ చేసి లోపల ఒక పరికరం పెట్టాలి. ఆలస్యం అయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుందన్నారు. అక్క ఒప్పుకుంది. ఆపరేషన్ థియేటర్లలో బతికిన మనిషి, ఆమెకి కత్తి అంటే భయం లేదు. పరీక్షలన్నీ అయ్యాయి. తారీఖు కూడా ఇచ్చారు.

ఆ సాయంత్రం తారీఖు గురించి నేను ఎత్తితే, పప్పు గిన్నె కింద పెట్టి నా వంక చూసింది.

"ఆయన చెయ్యి పెట్టాక డాక్టరు చెయ్యి దేనికే?"

నేను అద్భుతాలను నమ్మే మనిషిని. నమ్మనిదాన్నయితే నాకు ఏ బాధా లేకపోయేది, ఒక్క నవ్వుతో పోయేది. మా అమ్మ ప్రార్థనకి లేచి కూర్చున్న రోగుల్ని నా కళ్ళతో చూశాను. ఆయన చేయగలడు. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి నేను తేల్చుకోలేకపోయింది, ఆయన చేయగలడా అని కాదు. ఆయన చేయనిదాన్ని ఆయన చేశాడని చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని వినడం పాపమా కాదా అని. అక్క ఆశని నా చేత్తో విరిచేస్తే అది పాపం కాదా అని కూడా.

ఆదివారాలు గడిచాయి. తారీఖు దాటిపోయింది. పక్క ఊళ్ళ సంఘాలనుంచి ఆటోల్లో జనం వచ్చి తెల్లటి తెర వేయించుకుని చూసి వెళ్ళేవాళ్ళు. ఒక ఆదివారం, దేవుడు తనకి చేసిన మేలుకి అక్కని సాక్ష్యం చెప్పమన్నారు. తన చాప దగ్గరే నిలబడి, మైకు ఎంత దూరంలో ఉందో తెలియక గట్టిగా చెప్పింది: "ఇయ్యాల పొద్దున మా ఇంటి ముందు పాలాయన హారను వినపడిందండి. మిషన్ లేకుండా. శానా సన్నంగా, కాని వినపడింది." మందిరమంతా చప్పట్లు. ఆ రోజు పాలాయన రాలేదు. నేనే వీధి చివర కొట్లో ప్యాకెట్ తెచ్చాను.

అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమెకి వినపడింది. నన్ను నిద్ర పోనివ్వనిది అదే.

అయ్యగారింటికి వెళ్ళాను. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని, "ఫిజిక్స్ ఎవరు చేశారమ్మా?" అన్నారు.

"ఆయనే చేశాడండీ. అందుకే దాని మీద అబద్ధం చెప్పలేకపోతున్నాను."

"మీది అబద్ధమని నేననడంలేదు. ఒకాయన ఆ అక్షరాలు చూసి తాగుడు మానేశాడు. ఆయన భార్య నిన్న వచ్చి నా కాళ్ళ మీద పడింది. ఆవిడకేం చెప్పమంటారు? టీవీ పాడైపోయిందని చెప్పమంటారా?"

"ఎడారిలో పాముకాట్లనుంచి జనాన్ని బతికించిన ఇత్తడి పాముకే తర్వాత వాళ్ళు ధూపం వేశారు గదండీ" అన్నాను. "ఒక మంచి రాజు దాన్ని పగలగొట్టాల్సి వచ్చింది."

"నాకు తెలియని కథ చెబుతున్నారా?" ఆయన గొంతులో కాస్త కోపం వచ్చింది.

"అక్క ఆపరేషన్ వదులుకుందండీ. తారీఖు దాటిపోయింది."

ఆయనకి ఆ సంగతి తెలియదు. గ్లాసు కింద పెట్టేశారు. అమ్మగారు గుమ్మంలో ఆగిపోయారు. ఆయన లేచి, "ముందు అక్కగారికి చెప్పండి. సంఘం సంగతి నాకు వదిలేయండి" అని ల్యాప్‌టాప్ ఉంచే బీరువా తాళం చేతికిచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం అక్కని మందిరానికి తీసుకెళ్ళాను. తలుపు లోపలినుంచి గడియ పెట్టాను. ఏం చెప్పాలో ఫోనులో పెద్ద అక్షరాలతో ముందే రాసుకున్నాను. చుక్కలంటే ఏమిటి, అరగడమంటే ఏమిటి, పిల్లలకి పాఠం చెప్పినట్టు. ల్యాప్‌టాప్ పెట్టి, ఖాళీ తెల్లటి పేజీ తెరంతా వచ్చేలా చేశాను. వాక్యం నీడలా వచ్చింది. అక్క కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. నేను ఫోను తీస్తున్నాను.

ఆమె అప్పటిదాకా దాన్ని దూరంనుంచే చూసింది, ఈ గోడ పక్క చాప మీదనుంచి. ఇప్పుడు కళ్ళు తెరిచి మగవాళ్ళ వైపుకి నడిచి తెర ముందుకి వెళ్ళింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టకుండా పెట్టినట్టు గాలిలో రాసుకుంటూ పోయింది. చివరి మాట దాటాక వేలు ఆగింది. వంగి చూసింది. కళ్ళజోడు పైకి నెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇదేంటే?"

వెళ్ళి చూశాను. వాక్యానికి కింద, కుడి పక్కన, మిగతా అక్షరాలంత బూడిదగా, అంత స్పష్టంగా, ఏటవాలుగా ఒక చిన్న బాణం. కొత్త సంవత్సరం నాడూ, ఆ తర్వాత ప్రతి ఆదివారం పాటలయ్యాకా, వాక్యం తెరిచే గుర్తు మీద నొక్కి, మౌస్ పక్కకి తీయకుండా వదిలేసిన బాణం. అన్ని నెలలూ అది అక్కడే వెలిగింది.

నేను ఫోను చూపించలేదు. అవసరం లేకపోయింది.

అక్క చాలాసేపు ఆ బాణం వైపే చూసింది. తర్వాత, గుసగుస అనుకుని, ఖాళీ మందిరమంతా మోగేలా అంది: "బాణంగారు."

మగవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని చోటు. నేను పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు మొదటి రోజే తెలుసా?"

తల ఊపాను.

"మరి అన్ని ఆదివారాలు నా పక్కన కూర్చుని ఎట్టా పాడావే?"

నా ముఖం వైపు, పెదాలు కదులుతాయేమోనని, చూస్తూనే ఉంది. చివరికి తనే ముఖం తిప్పుకుంది. "పాలాయన ఆ రోజు రాలేదు గదూ?"

దానికి నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. ఆమెకి అర్థమైంది.

తరువాతి ఆదివారం టీవీ మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. అయ్యగారు ప్రసంగానికి ముందు, అది అద్భుతం కాదని, తెర అరిగిందని, తాను తొందరపడ్డానని రెండు మాటల్లో చెప్పి కూర్చుండిపోయారు. ఎరువుల కొట్టాయన లేచి బయటికి వెళ్ళిపోయారు, మరికొంతమంది ఆయన వెనక. తాగుడు మానేసినాయన ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు, అడగడానికి ధైర్యం చాలదు.

పాట మొదలైంది. తెర లేదు. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పి నేను ఆమెకి మిగిల్చింది అదీ, గుడ్డ కప్పిన గొంతు. నేను పాటల పుస్తకం ఆమె ఒళ్ళో తెరిచి, సంఘం పాడుతున్న పాదం కింద వేలు పెట్టి, పాదం మారినప్పుడల్లా వేలు కిందికి జరుపుతూ వచ్చాను. ఆమె చూపు వేలి వెంట కదిలింది. చివరి చరణంలో సన్నగా ఎత్తుకుంది, అందరికంటే ఒక పాదం వెనక. సంఘం ముగించాక కూడా ఆమెకి ఒక పాదం మిగిలింది. నేనూ ఆమెతో పాటు పాడాను. ప్రార్థన కోసం అయ్యగారు మా పాదం అయ్యేదాకా ఆగారు.

ఇంకో వారానికి విజయవాడ ఆసుపత్రికి వెళ్ళాం. తనే బయల్దేరింది, నేను అడగలేదు. హాల్లో గోడకి ఒక మామూలు టీవీ, దాని మీద ఎర్ర అంకెల్లో టోకెన్ నంబర్లు వస్తున్నాయి. మా కుర్చీలు పక్కగా ఉన్నాయి. అక్క అటూ ఇటూ తల తిప్పి చూసి, "ఇది పక్కనించి వెలిసిపోతంది. మందిరంలోదే నయం" అంది. అని లేచి ముందు వరసలోకి వెళ్ళి కూర్చుంది. నేనూ వెళ్ళాను.

కాసేపటికి నా వైపు తిరక్కుండానే అంది: "మట్టీ ఉమ్మీ కలిపి గుడ్డోడి కళ్ళకి పూసి చూపు తెప్పించినోడికి, వైర్లు పెట్టడం తప్పేం కాదని చెప్తావు నువ్వు. తెలుసులే. నర్సుని, నాకు తెలీదా? కాని ఆ అక్షరాలు ఆయనే రాసుంటే బాగుండేదే. నాకు ఎప్పుడూ ఎవరూ ఏం రాయలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోలేదు. ఎదురుగా అంకెలు మారుతున్నాయి. కౌంటరు దగ్గర అమ్మాయి మా నంబరు గట్టిగా పిలిచింది. నేను భుజం తట్టబోయేలోపే అక్క తెర మీద చూసుకుని, సంచీ చంకన పెట్టుకుని, లేచి నడిచింది.